గ్రామ జలాధారములు – మన యింజనీర్ల కర్తవ్యము

(సగర సంఘ వార్షిక మహాసభయందు చేయబడిన యుపన్యాసము)



మహాసభలు జరిగినపుడెల్ల మనము విద్యను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు మాటలాడుట వాడుక. అవి యావశ్యకములు. వాని ఫలమును మన కన్నుల యెదుటనే యున్నది. తాత పాఱ పట్టినవాడు, తండ్రి మేస్త్రి, కుమారుడు ఇంజనీరు. ఇట్టి కుటుంబములు నేడు మనలో పెక్కు గలవు. పట్టము పుచ్చుకొన్న యువకుడు హిందూపురమున రైలెక్కి బెంగుళూరు చేరును. అచట మేడలును వంతెనలును కట్టును. అందుకు మనమెల్లరము సంతోషింతుము. కాని వాని తాత కట్ట పోసిన చెఱువు ఊరివద్ద నేమైనది? దాని తూము పనిచేయుచున్నదా? దాని మఱవ నిలిచియున్నదా? ఈ ప్రశ్న నడుగుటకే మేము నేడు మీ యెదుట నిలిచితిమి.

మన వృత్తి, మన కథ

మనవారు సగర చక్రవర్తి సంతతివారమని చెప్పుకొనుట పెద్దలనుండి వచ్చిన మాట. ఆ కథ మన పిల్లలందఱు నెఱుగుదురు. సగరుని అఱువదివేల కుమారులు భూమిని త్రవ్విరి. వారి బలమునకు కొదువ లేదు. కాని గర్వముచే త్రవ్విరి, అడ్డు వచ్చినవారి నెల్ల బాధించిరి, తుదకు కపిలముని కోపాగ్నికి బూడిదయైరి. పిదప అంశుమంతుడును, దిలీపుడును ప్రయత్నించి గతించిరి. భగీరథునికి గాని గంగ దిగిరాలేదు. త్రవ్వుట యొక తరముతో ముగిసినది. నీరు తెచ్చుటకు పెక్కు తరములు పట్టినది. ఈ భేదమును మనము మనసున నుంచుకొనవలయును. మన సంఘము తన పతాకముపై భగీరథుని పేరు వ్రాసికొనినచో, ఆయన యోర్పును గూడ వ్రాసికొనవలయును గదా!

మన పూర్వులు చదువులేనివారని కొందఱు తేలికగా పలుకుదురు. అక్షరము లేకపోయినను వారికి శాస్త్రము లేకపోలేదు. ఏ మన్ను నీటిని పట్టును, ఏ మన్ను జార్చును అనునది పిడికిట పట్టి చెప్పగలిగిరి. గుంట త్రవ్వునపుడు నడుమ నొక మంటి దిమ్మెను విడిచి, దాని యెత్తునుబట్టి త్రవ్విన మంటిని లెక్కకట్టిరి. కట్టను పొరలు పొరలుగా పోసి, నీరు చల్లి, దిమ్మిసలతో కొట్టి, పశువులచే త్రొక్కించి గట్టిపఱచిరి. పురుషుడు త్రవ్వగా స్త్రీ తట్ట నెత్తుకొని కట్ట నెక్కెను. చంటిబిడ్డ చెట్టు నీడను ఉయ్యాలలో నిదురించెను. ఈ సీమలో పూర్వపు కట్టలలో మన తల్లుల తలపై మోయబడని మన్ను అరుదు. అయినను ఏ శాసనమునందును వారి పేరు లేదు.

మన సీమ స్వభావము

అనంతపురము సీమ వర్షము తక్కువైన సీమ. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘములు పడమటి కనుమలు దాటి వచ్చునప్పటికి వట్టిపోవును. ఈశాన్య మేఘములు తూర్పు తీరమునుండి ఇచటికి చేరునప్పటికి అలసిపోవును. పడిన వానయు నెలల తరబడి సమముగా పడదు. నాలుగు దినములలో కుండపోతగా కురిసి, మరల నలుబది దినములు కనబడదు.

అయినను ఈ వాన అల్పమని నిరాశ చెందవలదు. ఒక్క యెకరముపై 550 మిల్లీమీటర్లు కురిసిన, ఆ నీరు సుమారు 22 లక్షల లీటర్లగును. లోటు నీటిది కాదు, నిలుపుటది. పెన్నయు, చిత్రావతియు, జయమంగళియు మైసూరు మిట్టలనుండి దిగివచ్చి, సంవత్సరములో ఎక్కువ కాలము ఇసుక నదులై యుండును. అవి పొంగినపుడు భయంకరములు. 2021 నవంబరునందు చిత్రావతి పొంగిన తీరు ధర్మవరము వారు మఱచియుండరు. కరవును వరదయు నొకే సీమను బాధించుటకు కారణ మొక్కటియే: వచ్చిన నీటికి నిలుచు చోటు లేకుండుట. ఆ చోటునకే మన పూర్వులు చెఱువని పేరు పెట్టిరి.

ఈ ప్రాంతపు ఊళ్ల పేళ్లే అందుకు సాక్షి. అనంతసాగరమను చెఱువునుబట్టి అనంతపురము, బుక్కరాయల పేరిట బుక్కరాయసముద్రము వెలసెను. చిత్రావతి నీటి నందుకొను బుక్కపట్టణము చెఱువు ఈ సీమలోని పెద్ద చెఱువులలో నొకటి. ధర్మవరము చెఱువును క్రియాశక్తి ఒడయరు కట్టించెననియు, ఆయన తల్లి ధర్మాంబ పేరిట ఆ యూరు వెలసెననియు ఐతిహ్యము. పట్టుచీరలచే పేరొందిన పట్టణమునకు మొదట ప్రాణము పోసినది చెఱువేయన్నమాట.

శాసనముల బోధ

పెనుకొండను గూర్చిన యొక శాసనవృత్తాంతమును మనవారందఱు నెఱుగవలయును. క్రీ.శ. 1388 ప్రాంతమున విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండగా, పట్టణమునకు నీరు తేవలయునని జలసూత్ర నిపుణుడగు సింగాయభట్టు నాజ్ఞాపించెను. ఆయన హెన్నె నదినుండి, అనగా మన పెన్ననుండి, కల్లూడి మీదుగా కాలువ త్రవ్వించి సిరువెర చెఱువునకు నీరు చేర్చెను. ఆ కాలువకు రాజు పేరు పెట్టిరి. నేటి యంత్రములు లేని కాలమున, ఇంత దూరము నీరు తనంతట పాఱునట్లు నేల వాలును నిర్ణయించుట సామాన్యమైన విద్య కాదు.

కడపజిల్లా పోరుమామిళ్ల చెఱువు శాసనము ఇంతకంటెను విశేషమైనది. ఉదయగిరిని పాలించిన భాస్కరుడను బుక్కరాయ పుత్రుడు కట్టించిన ఆ చెఱువునకు శాసనకాలము క్రీ.శ. 1369. దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లు చేరవేయుటకు నూఱు బండ్లును, రెండేండ్లు పనిచేసినట్లు అందు చెప్పబడినది. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, వర్జింపవలసిన ఆఱు దోషములను ఆ శాసనము లెక్కించినది.

అంగములలో మొదటిది ధర్మము గలిగి, సంపద గలిగి, కీర్తిని కోరు ప్రభువు. రెండవది జలశాస్త్ర మెఱిగిన విద్వాంసుడు. పిమ్మట గట్టి నేల, తీయని నీటి నది, కట్టకు ఆనుకొను కొండ, మిక్కిలి పొడవుగాక దృఢముగా నుండు రాతికట్ట, లోతును విరివియు గల గర్భము, రాళ్లగని, సమమైన సారవంతపు పొలములు మొదలైనవి. పండ్రెండవది, కట్టుటయందు నేర్పరులగు పనివాండ్ర సమూహము. దోషములలో కట్టనుండి నీరు కాఱుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, గర్భము నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై ఆయకట్టు హెచ్చగుట, నేల కొంచెమై నీరు హెచ్చగుట పేర్కొనబడినవి. ఆఱువందల యేండ్లకు పైబడినను ఇందు తీసివేయదగిన మాట యొక్కటియు లేదు. రెండు రాజ్యముల సరిహద్దు దోషమును పెన్న యొడ్డున వసించు హిందూపురము వారికి వివరింప నవసరము లేదు. ఎగువన కర్ణాటకము, దిగువన మనము.

ఇచట మేము మీ దృష్టికి తేదలచిన విషయమిది. ఆ కాలమున రెండవ అంగమగు విద్వాంసుడొక యింట నుండెను. పండ్రెండవ అంగమగు పనివారింకొక యింట నుండిరి. ఒకరు కొలత చెప్పిరి, ఇంకొకరు మన్ను మోసిరి. నేడు మన సంఘమునందు ఆ రెండంగములు నొకే యింటికి చేరినవి. తాత చేతిలోని నేర్పును, మనుమని చేతిలోని శాస్త్రమును ఒక్క అరుగుమీద కూర్చుండగల కాల మిన్నాళ్లకు వచ్చినది. తాతలు గతించిన పిదప ఈ యవకాశము మరల రాదు. కావుననే దీనిని వాయిదా వేయరాదని మా మనవి.

కట్టుటకంటె కాపాడుట కష్టము

చెఱువు కట్టుట యొకసారి, కాపాడుట ఏటేట. మన సీమలో చెఱువును, కాలువను కట్టి కాపాడువారికి దశబంధ ఇనాములని భూము లిచ్చిరి. నీటి పంపకమునకు నీరుగంటి యుండెను. ఏటేట ఊరివారు పూడిక తీసి, కట్ట సరిచేయుటకు కుడిమరామత్తని పేరు. ఈ యేర్పాటులు నానాట సడలిపోయినవి. చెఱువు ఊరిది కాక సర్కారుదైనది. సర్కారుదైనది ఎవరిదియు కాకపోయినది.

నేటి చెఱువుల స్థితి మీ రెఱిగినదే. నీరు తెచ్చు వంకలు దున్నబడి పొలములలో కలిసినవి. కట్టమీద కంపచెట్లు మొలచి వేళ్లతో కట్టను చీల్చుచున్నవి. తూము తలుపులు త్రుప్పుపట్టినవి. గర్భమున ఒండ్రు పేరుకొన్నది. ఒక యెకరమున ఒక్క యడుగు మేర ఒండ్రు నిలిచిన, అది 43,560 ఘనపుటడుగుల నీటిచోటును మ్రింగినట్లు. చెఱువు నీరు తగ్గగా బావులెండినవి. బావు లెండగా బోర్లు వేసిరి. రాతి పొరలలోనికి వందల యడుగులు దిగిన బోర్లలో పెక్కింటికి నీరు పడలేదు. అప్పు మాత్రము మిగిలినది. పడిన నీటియందును పెక్కుచోట్ల ఫ్లోరైడు హెచ్చు. త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రామునకు లోబడి యుండుట మంచిదనియు, వేఱు గతి లేనిచో 1.5 మిల్లీగ్రాములు దాటరాదనియు నియమము. దాటినచో పండ్లు గారపట్టును, ఎముకలు వంకరవోవును. వానచే నిండిన చెఱువు క్రింది బావులలో ఆ దోషము తగ్గుట సహజము.

పెద్ద పనులు జరుగలేదని మేమనుట లేదు. పుట్టపర్తి సత్యసాయిబాబాగారు 1994 నవంబరులో సంకల్పించిన త్రాగునీటి పథకము ఏడాది మాత్రములో రూపుదాల్చి, అనంతపురముజిల్లాలో 731 గ్రామములకు నీరు చేర్చునట్లు ఏర్పడెను. 1999లో భారత తపాలాశాఖ దాని పేర తపాలాబిళ్ల వెలువరించెను. కృష్ణ నీటిని శ్రీశైలము వెనుకనుండి మెట్లు మెట్లుగా నెత్తి తెచ్చు హంద్రీ-నీవా కాలువ నీరు పెనుకొండ సమీపమున గొల్లపల్లి జలాశయమునకు చేరెను. ఇవి స్తుతిపాత్రములు. కాని పైపున వచ్చు నీటికి విద్యుత్తు కావలయును, మరమ్మతు కావలయును, జీతములు కావలయును. నూఱు మైళ్ల దూరమున నొక పంపు ఆగినచో ఊరి కుళాయి యాగును. ఊరి చెఱువు బాగున్న గ్రామము ఆ దినమును దాటగలదు. లేనిది బిందెలతో బాటపై నిలుచును. దూరపు నీరు వలదని కాదు, ఊరి నీటిని విడువరాదని మా యభిప్రాయము.

తెలంగాణమున 2015లో నారంభించిన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెఱువులను బాగుచేయు సంకల్పముతో వెడలినది. మన రాష్ట్రమునందు 1997లోనే నీటిపారుదల నిర్వహణను రైతుల సంఘముల కప్పగించు చట్టము వచ్చినది. చట్టము గలదు, ధనమును అప్పుడప్పుడు వచ్చును. లోపించునది మధ్యనున్న మనిషి. అంచనా వ్రాయువాడు, మట్టములు తీయువాడు, పనిని దగ్గఱనుండి చూచువాడు, పని ముగిసిన మఱు సంవత్సరమున మరల వచ్చి చూచువాడు లేడు. ఆ మనిషి మన యిండ్లలో నున్నాడని మేము చెప్పుచున్నాము.

అన్యుల యుదాహరణములు

ఇట్టి సేవ లోకమున క్రొత్తది కాదు. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బెర్నార్డు అమదేయి 2000 సంవత్సరమున బెలీజు దేశమందలి సాన్ పాబ్లో అను పల్లెకు పోయెను. అచట నీరు మోయుటలో దినము గడచుటచే బాలికలు బడికి పోలేకుండుట చూచెను. మరుసటి యేడు తన విద్యార్థులను వెంటబెట్టుకొని పోయి, ప్రవాహబలముచేతనే నడచు పంపు నమర్చి, పల్లెకు నీరిచ్చెను. 2002లో సరిహద్దులులేని ఇంజనీర్లను పేర నచట నొక సంస్థను స్థాపించెను. ఫ్రాన్సు మొదలగు దేశములలో అట్టి సంస్థలు అంతకు ముందే యుండెను. ఇవి నేర్చిన మొదటి పాఠమేమనగా, ఊరివారు కోరని పని నిలువదు. ఊరివారికి మరమ్మతు తెలియని యంత్రము రెండేండ్లలో ఇనుపతుక్కగును.

అంత దూరము పోనేల? స్పెయినులో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురము వచ్చి, గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించి, 2009లో కాలధర్మము నొందువఱకు ఈ సీమనే తన యిల్లు చేసికొనెను. ఆయన సమాధి ధర్మవరమునకు సమీపమున బత్తలపల్లిలో నున్నది. ఆ సంస్థ బావులు, చెక్కుడ్యాములు, ఇండ్లు, బడులు, ఆసుపత్రులు కట్టించినది. చెన్నేకొత్తపల్లివద్ద 1990లో నారంభమైన టింబక్టు కలెక్టివు బీడుభూములను పచ్చపఱచి, పాత చెఱువుల పునరుద్ధరణకు పూనుకొన్నది. రాజస్థానమునందు అల్వారు ప్రాంతమున రాజేంద్రసింగుగారు 1985 మొదలుకొని ఊరివారిచే మంటికట్టలు కట్టించి, ఎండిన యేళ్లలో మరల నీరు చూపిరి. 2001లో వారికి మెగసెసె బహుమానము లభించెను. ఆయన ఇంజనీరు కాడు. ఊరి వృద్ధుల మాట వినుటయే ఆయన విద్య. మన యింజనీర్లకు విద్యయు గలదు, వృద్ధులును ఇంటనే గలరు. ఇంకేమి కావలయును?

హిందూపురమునకు దక్షిణమున ముద్దేనహళ్లిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పుట్టినదినమగు సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినముగా మన దేశము జరుపుకొనుచున్నది. వారి పూర్వులు మన తెలుగుదేశపు మోక్షగుండమునుండి పోయినవారు. పూలమాలలతో సరిపెట్టక, ఆ దినము మన యువకులు ఒక చెఱువు కట్టపై నుండుట మేలు.

మా ప్రతిపాదన

మన సంఘనిధితో మఱియొక కల్యాణమంటపము కట్టవలయునని కొందఱు దాతలు సెలవిచ్చియున్నారు. వారి యౌదార్యమునకు మేము కృతజ్ఞులము. పెండ్లిండ్లకు పందిరి వేసికొనవచ్చును. నీటికి పందిరి వేయలేము. ఆ ధనములో నొక భాగమును చెఱువుల సేవకు కేటాయింపవలయునని మా ప్రార్థన. కార్యక్రమ మీ విధముగా నుండవచ్చును.

మొదటిది: మనలోని ఇంజనీర్లు, ఉద్యోగవిరమణ చేసినవారును చదువుకొనుచున్నవారును సహా, ఏడాదికి పండ్రెండు దినము లిచ్చెదమని పేరు వ్రాయించుకొనవలయును. నెలకొక్క దినము. బెంగుళూరునుండి ఆదివారము వచ్చి పోవుట కష్టము కాదు.

రెండవది: హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఒక్కొక్క చెఱువును ఎన్నుకొని ప్రారంభింపవలయును. మూడే చెఱువులు. ముప్పదింటిని ప్రారంభించి మూడింటిని ముగించుటకంటె, మూడింటిని ప్రారంభించి మూడింటిని ముగించుట గౌరవము.

మూడవది: త్రవ్వుటకు ముందు చూడవలయును. వంకలెచట తెగినవి, కట్ట యెచట జారినది, మఱవ యెత్తెంత, తూమునుండి నీరు కాఱుచున్నదా, గర్భమున పూడిక యెంత యని మట్టములు తీసి పటము వ్రాయవలయును. ఊరి వృద్ధులను కట్టవెంట నడిపించి, పూర్వము నీరెట్లు వచ్చెడిదో వారి నోట విని వ్రాసికొనవలయును. పూడిక తీయుటయు నేర్పుతోనే చేయవలయును. కట్ట పాదమున త్రవ్విన కట్ట బలహీనమగును. అడుగునున్న బంకమట్టిని చీల్చిన చెఱువు నీరు పట్టదు. యంత్రము దొరికినది కదాయని లోతుగా త్రవ్వి చెఱువును గోతులు చేయుట సేవ కాదు. తీసిన యొండ్రు పొలములకు చేరినచో ఎరువగును.

నాల్గవది: ఊరి బావులు, బోర్ల నీటిని పరీక్షింపించి, ఫలితమును ఊరందఱకు తెలియునట్లు తెలుగులో వ్రాసి కట్టింపవలయును.

ఐదవది: ప్రతి చెఱువునకు నొక పుస్తకముంచి, వాన యెంత, నీరెంత, మరమ్మతు లేవి, ఖర్చెంత యని ఏటేట వ్రాయవలయును. వచ్చెడి మహాసభలో ఆ పుస్తకములను అందఱి ముందు చదువవలయును. లెక్క చెప్పని సేవ మూడవ యేట నపవాదగును.

ఆఱవది: సేవకు పేరు వ్రాయించుకొనిన ఇంజనీరు గాని, వాని బంధువు గాని ఆ చెఱువు పనిలో కంట్రాక్టు పుచ్చుకొనరాదు. ఇది కఠినముగా నుండవచ్చును; కాని ఈ యొక్క నియమము సడలినచో తక్కిన యైదును వ్యర్థములు.

సందేహములు, సమాధానములు

ఉచితముగా పనిచేయుమనుట మన జాతికి చేటని ఒక పెద్ద యనిరి. ఈ మాటలో బాధ గలదు, సత్యమును గలదు. మన తాతలకు ఉచితపు పని యనగా వెట్టియే. 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టము చెఱువు తెగు ప్రమాదమున ఊరివారిని బలవంతముగా పిలుచుట కధికార మిచ్చెను. 1876-78 నాటి ఘోరకరవులో ఆకలితో మన్ను మోసి ప్రాణములు విడిచినవారు ఈ సీమలో నెందఱో. కాబట్టి మేము స్పష్టముగా చెప్పుచున్నాము: ఇంజనీరు తన విద్యను దానము చేయును; కూలివాని కూలి మాత్రము దానము కారాదు. పాఱ పట్టినవానికి, తట్ట మోసినదానికి పూర్తి కూలి, పని ముగిసిన వారములోనే ముట్టవలయును. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద పనులు అనంతపురముజిల్లాలోని బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న దేశమున మొట్టమొదట నారంభింపబడినవి. మట్టిపనికి కూలి హక్కని దేశమునకు చాటిన సీమ మనది. ఆ మాట మనమే తప్పరాదు. జీతము గలవాడు ఇచ్చుట దానము. జీతము లేనివానిచే ఇప్పించుట దోపిడి.

ఇది ప్రభుత్వపు పని గదాయని ఇంకొకరనిరి. అవును, ప్రభుత్వపు పనియే. మనము ప్రభుత్వమునకు బదులు నిలువబోము. పటమును అంచనాయు చేతబట్టి పోయినవాని యర్జీ బల్లపై నిలుచును. వట్టి కాగితముతో పోయినవాని యర్జీ బల్ల క్రిందికి పోవును. మన సేవ ప్రభుత్వముచే పని చేయించుట కొక సాధనము.

మూడవ సందేహము మిక్కిలి సున్నితమైనది. మన సంఘధనముతో అన్యకులములవారి పొలములకు నీరేల యని. దాతలు మన్నింతురుగాక, దీనికి మేము దాచక సమాధానము చెప్పవలసియున్నది. మన సంఘము మనవారి యభివృద్ధికై పుట్టినది, నిజమే. కాని చెఱువునకు కులము లేదు. మనము మన చెఱువని గిరి గీయజూచిన, మన నీతి యెవరి నీతి యగును? ఇదే దేశమున చెఱువు నీరు త్రాగు హక్కుకొఱకు 1927 మార్చి 20న మహాడ్ పట్టణమున డాక్టరు అంబేద్కరుగారు వేలమందితో చౌదార్ చెఱువునకు నడువవలసివచ్చెను. చెఱువును త్రవ్వినవారికే కట్టపై చోటు లేని ఊళ్లు మన సీమలోను నుండెను. అన్యాయమును చూచిన జాతి అన్యాయము చేయరాదు. మన మెన్నుకొను మూడు చెఱువులలో కనీస మొక్కటి, ఊరిలో నందఱికంటె వెనుకబడినవారి పొలములకు నీరిచ్చునది కావలయును. అప్పుడు గాని మన సేవకు సేవయను పేరు తగదు. అదియునుగాక, ఊరు వట్టిపోయి మనవారు మాత్రము పచ్చగా నుండుట యెట్లు సాధ్యము?

సోదరీమణులకు వేఱుగా నొక మాట. తట్ట మోసిన తల్లుల కూతుండ్రు నేడు ఇంజనీరింగు కళాశాలలలో చదువుచున్నారు. ఈ సేవాదళమున వారికి సగము స్థానము లుండవలయునని మా కోరిక. ఇంటికి నీరు మోయువారికే నీటి లెక్క బాగుగా తెలియును.

ఉపసంహారము

మహాశయులారా! సింగాయభట్టు పేరు శిలపై నిలిచినది. కాలువ త్రవ్వినవారి పేరు నిలువలేదు. అందుకు మనము దుఃఖింపవలసిన పనిలేదు. వారి పేరు నిలుపు విధము మన చేతిలోనే యున్నది. విగ్రహములచే కాదు, ఊరేగింపులచే కాదు. వారు పోసిన కట్ట తెగకుండ చూచుటయే వారికి తర్పణము. కట్టమీద నడచువాని కెవరు కట్టిరో తెలియకున్నను, క్రింద పైరు పచ్చగా నుండిన చాలును.

ఈ సభయందే ఒక తీర్మానము గావించి, ఈ సాయంకాలములోగా పేళ్లు వ్రాసికొనుటకు బల్ల యొకటి ద్వారమువద్ద నుంచవలసినదని అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము. దాతలు ధనము వ్రాయింతురుగాక. యువకులు దినములు వ్రాయింతురుగాక. వృద్ధులు తమ జ్ఞాపకములను వ్రాయింతురుగాక. మూడును సమానమైన చందాలే. మొదటి పని వచ్చు వేసవిలో, చెఱువులెండియున్నపుడే ప్రారంభింపవలయును. వానలకు ముందు ముగింపవలయును. వాన మనకొఱకు ఆగదు.